మాటలను కూడబెట్టువారు

కొందరు తపాలా బిళ్ళలను సేకరింతురు. కొందరు పాతకాలపు నాణెములను కూడబెట్టుదురు. మంగినపూడి సముద్రతీరమునకు పోయిన పిల్లలు అలలు విడిచిన గవ్వలను, చిప్పలను ఏరి ఒడిలో నింపుకొందురు. ఇట్టి వేడుకలలో మరియొకటి కలదు. అది మాటలను సేకరించుట. దీనికి కాసు ఖర్చు లేదు. ఇనుప పెట్టె అక్కరలేదు. దొంగల భయము అంతకన్నను లేదు. ఒక చిన్న నోటుపుస్తకము, ఒక పెన్సిలు, శ్రద్ధగా వినుటకు రెండు చెవులు ఉన్న చాలును.

బడిలో చదువుకొను పిల్లలకు ఇంగ్లీషు మాటలు తరచుగా బరువుగా తోచును. వర్ణక్రమమును వల్లె వేయుట, అర్థమును కంఠస్థము చేయుట, పరీక్ష ముగియగానే రెంటిని మరచుట వాడుకయై పోయినది. కాని అదే మాటను దూరదేశమునుండి వచ్చిన బాటసారివలె చూచినచో సంగతి మారిపోవును. బాటసారి ఊరిలో అడుగు పెట్టగానే, "అయ్యా, తమది ఏ ఊరు? ఏ దారిన వచ్చినారు?" అని పెద్దలు అడుగుదురు గదా! మాటను గూడ అట్లే అడుగవచ్చును. అడిగినవానికి అది తన కథను చెప్పును. ఆ కథ విన్నవాడు ఆ మాటను మరువడు.

ఇట్టి సేకరణకు కృష్ణానది సముద్రములో కలియు ప్రాంతము మిక్కిలి అనుకూలమైనది. బందరు ఓడరేవు, అచ్చట మాటలు ఓడలు దిగినవి, ఓడలెక్కినవి. గుడివాడ పంటపొలముల నడుమ నున్న ఊరు. అచ్చట మాటలు మడిలో మొలచినవి. దివిసీమ నదికిని సముద్రమునకును నడుమ నున్న లంకభూమి. అచ్చటి మాటలకు ఉప్పుగాలి సోకినది. ఈ మూడు చోట్లను తిరిగి చూచినవారికి ఇంగ్లీషు మాటల వెనుక తెలుగునేల కనబడును.

మొదట బందరును చూతము. బందరు అను మాటయే ఒక బాటసారి. పారసీక భాషలో బందర్ అనగా ఓడరేవు. మచిలీపట్టణము గోలకొండ సుల్తానుల రాజ్యమునకు ప్రధానమైన రేవుగా నుండిన కాలమున ఆ సామాన్యనామమే ఊరిపేరై నిలిచినది. "బందరు పోవుచున్నాను" అని బస్సెక్కు రైతు తనకు తెలియకుండనే ఒక పారసీక పదమును పలుకుచున్నాడు.

పదునేడవ శతాబ్దమున ఐరోపా వర్తకులు ఈ రేవునకు ఒకరి వెంట నొకరు వచ్చిరి. ఆ శతాబ్దారంభముననే డచ్చివారు ఇచ్చట వర్తకశాలను నెలకొల్పిరి. 1611లో గ్లోబు అను ఓడలో ఇంగ్లీషువారు వచ్చిరి. 1669లో ఫ్రెంచివారు వచ్చిరి. వారి వైభవము కాలగర్భమున కలిసిపోయినది. కాని వారి పేర్లు మాత్రము నశింపలేదు. బందరులో నేటికిని వలందపాలెము కలదు. వలందులనగా హాలెండువారు, అనగా డచ్చివారు. పరాసుపేట కలదు. పరాసులనగా ఫ్రెంచివారు. ఇంగ్లీషుపాలెమునకు వ్యాఖ్యానమే అక్కరలేదు. రాజ్యములు పోయినను పేటల పేర్లు చరిత్రను కాపాడుచున్నవి.

ఓడలు సరకులతో పాటు మాటలనుగూడ దింపినవి. అందరికంటె ముందుగా భారతదేశపు తీరములకు వచ్చిన ఐరోపావారు పోర్చుగీసులు. వారి మాటలు తెలుగు ఇండ్లలో ఇప్పటికిని కాపురము చేయుచున్నవి. చొక్కాకు కుట్టు బొత్తాము, ముఖము తుడుచుకొను తువ్వాలు, పుస్తకములు దాచు అలమార, ఇల్లు కట్టు మేస్త్రి, తియ్యని అనాస, ఇవన్నియు పోర్చుగీసు పదముల సంతానమే. పేకముక్కలలోని కళావరు డచ్చివారి క్లావర్ అను మాట యందురు. ఆ భాషలో దానికి మూడాకుల గడ్డి అని అర్థము. ముక్కపై నున్న గుర్తును చూచినచో ఆ పేరెంత తగియున్నదో తెలియును.

దిగిన మాటలున్నట్లే ఎక్కిన మాటలును ఉన్నవి. చిరివేరునుండి తీసిన ఎర్రని రంగుతో, చేతి అద్దకముతో తయారైన పూలగుడ్డలు బందరునుండి పారసీక దేశమునకును, ఐరోపాకును పోయెడివి. ఇంగ్లీషువారు అట్టి గుడ్డను చింట్జ్ అనిరి. దీనికి మూలము హిందీలోని ఛీంట్. అనగా చుక్క, చిందిన మరక. తెలుగువారు ఆ గుడ్డనే చీటి యందురు. వర్తకులు పలుకు బహువచనమును ఇంగ్లీషువారు ఏకవచనమని భ్రమించి దానినే నిలుపుకొనిరి. భ్రమనుండి పుట్టిన మాట నిఘంటువునకెక్కి గౌరవము పొందినది! మంచముపై పరచు అద్దకపు దుప్పటికి ఇంగ్లీషులో పాలంపోర్ అని పేరు. అది పలంగ్‌పోష్ అను మాటకు మారువేషము. పలంగ్ అనగా మంచము, పోష్ అనగా కప్పునది. ఆ అద్దకపు విద్య బందరు చెంతనున్న పెడనలో కలంకారీ అను పేరుతో నేటికిని జీవించియున్నది.

గిడ్డంగి కథ మరింత చిత్రమైనది. సరకు నిలువచేయు కొట్టును ఇంగ్లీషులో గోడౌన్ అందురు. పడమటి దేశమునుండి వచ్చిన మాటవలె ఇది వినబడును. కాని ఇది ఇంగ్లీషువారికి మలయా భాషలోని గుదాంగ్ అను మాటనుండి లభించినది. మలయావారికి ఎచ్చటినుండి వచ్చినది? తెలుగులోని గిడ్డంగి, తమిళములోని కిడంగు దీనికి మూలములై యుండునని నిఘంటుకారులు చెప్పుదురు. అనగా తూర్పుతీరపు మాట ఓడలో మలయా ద్వీపములకు పోయి, అచ్చట ఐరోపావారి నోట పడి, కొత్తవేషముతో మరల స్వదేశమునకు వచ్చినది. నేడు గిడ్డంగి తలుపుపై గోడౌను అని పలక కట్టువారు మనుమని తాతకు పరిచయము చేయువారివంటివారు.

ఇట్టి కథలు వినుటకు ఇంపుగా నుండును. ఇంపుగా నున్న ప్రతి కథయు నిజము కాదు. మస్లిన్ అను సన్నని నూలుగుడ్డ పేరు మచిలీపట్టణమునుండి పుట్టినదని చెప్పువారు కలరు. రెండు మాటలును చెవికి దగ్గరగా వినబడును. మచిలీపట్టణమునుండి సన్నని గుడ్డలు ఎగుమతి యగుటయు నిజమే. అయినను నిఘంటువులను తరచి చూచినచో ఆ పేరు ఇరాకు దేశమునందలి మోసుల్ నగరమునుండి, ఇటలీ భాష ద్వారా వచ్చినట్లు తెలియును. తన ఊరికి గొప్ప కలుగుననెడి కోరికతో కల్లకథను నమ్ముట మంచి సేకర్తకు తగదు. గవ్వలను ఏరువాడు గాజుపెంకును వేరు చేయవలెను గదా!

భారతదేశమున ఇంగ్లీషులోనికి చేరిన ఇట్టి మాటలను ఇద్దరు విద్వాంసులు ఏండ్ల తరబడి సేకరించిరి. వారిలో హెన్రీ యూల్ సైన్యమున ఇంజనీరుగా పనిచేసినవాడు. ఆర్థర్ బర్నెల్ మద్రాసు రాజధానిలో ఉద్యోగి, సంస్కృత పండితుడు. బర్నెల్ 1882లో మరణింపగా యూల్ పని ముగించి 1886లో గ్రంథమును ప్రకటించెను. దాని పేరు హాబ్సన్ జాబ్సన్. ఇది మనుష్యుల పేరువలె వినబడును గాని కాదు. మొహర్రము పండుగ ఊరేగింపులో భక్తులు "యా హసన్! యా హుసేన్!" అని ఎలుగెత్తి విలపింపగా విన్న ఇంగ్లీషు సిపాయిలు దానిని తమ నాలుకకు అనువుగా హాబ్సన్ జాబ్సన్ అని మార్చుకొనిరి. తెలియని భాషను చెవి ఎట్లు వినునో, నాలుక ఎట్లు మలచునో చూపుటకు ఆ పేరే తగినదని యూల్ తలంచెను.

బందరునుండి బెజవాడకు పోవు రైలుమార్గము గుడివాడ మీదుగా పోవును. రైలు కిటికీనుండి చూచువానికి రేవుపట్టణపు మాటలు వెనుకబడి పొలము మాటలు ఎదురగును. ఇచ్చట మొదట పలుకరించునది పందికొక్కు. పొలము గట్లను త్రవ్వి, ధాన్యమును బొరియలలో దాచు ఈ జంతువును చూచి రైతు సంతోషింపడు. కాని దాని పేరు మాత్రము లోకసంచారము చేసినది. ఇంగ్లీషువారు దానిని బందికూట్ అనిరి. తెలుగునుండి ఇంగ్లీషునకు పోయిన మాటలలో సందేహములేని మాట ఇది. తరువాత ఆస్ట్రేలియా ఖండమున స్థిరపడిన ఇంగ్లీషువారు, అచ్చట పొడుగుమూతి గల ఒక చిన్న జంతువును చూచి, పోలికనుబట్టి దానికిని బందికూట్ అని పేరు పెట్టిరి. అది పందియు కాదు, కొక్కును కాదు. కంగారువలె పిల్లను సంచిలో పెంచు జాతి. ఆస్ట్రేలియాలోని బాలుడు ఆ పేరు పలికినప్పుడెల్ల రెండు తెలుగు మాటలను పలుకుచున్నాడు!

గుడివాడ ప్రాంతమునకు పంట నిచ్చునది కాలువనీరు. 1852, 1855 సంవత్సరముల నడుమ బెజవాడ వద్ద కృష్ణకు అడ్డముగా ఆనకట్ట కట్టిరి. దాని స్థానమున 1957లో ప్రకాశము బ్యారేజి వెలసినది. ఇంగ్లీషు ఇంజనీర్లకు ఇట్టి కట్టడమును తెలుపుటకు దేశీయమైన మాటయే అనువుగా తోచినది. తమిళములోని అణైక్కట్టును వారు అనికట్ అనిరి. తెలుగు ఆనకట్ట దానికి తోబుట్టువు. బదులుగా తెలుగువారును ఒక మాటను పుచ్చుకొనిరి. పడవలు ఎగువకును దిగువకును పోవుటకై కాలువలలో తలుపులతో కట్టిన కట్టడములను ఇంగ్లీషువారు లాక్ అనిరి. కాలువగట్టు జనులు లాకులు అనిరి. పడవల రాకపోకలు తగ్గినను లాకుల పేరు నిలిచియున్నది. కృష్ణనీరు ఒకరి పొలమునుండి మరియొకరి పొలమునకు పారినట్లు మాటలును పారుచుండును.

వేసవి చివర నెర్రెలు విచ్చిన నేలపై తొలి చినుకులు పడినప్పుడు కమ్మని వాసన లేచును. గుడివాడ రైతునకు ఆ వాసన తెలిసినంతగా మరెవ్వరికి తెలియును? ఇంగ్లీషులో దీనికి చాలకాలము ప్రత్యేకమైన పేరు లేకుండెను. 1964లో ఇసబెల్ బేర్, రిచర్డ్ థామస్ అను ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆ వాసనకు గల కారణములను పరిశోధించి, పెట్రికార్ అను మాటను సృష్టించిరి. గ్రీకు భాషలో పెట్రా అనగా రాయి. ఇకార్ అనగా ఆ దేశపు పురాణములలో దేవతల నరములలో ప్రవహించు ద్రవము. రాతినుండి వెలువడిన దేవతారసమని భావము. ఎంత సొగసైన కల్పన! ఉత్తరదేశమున కనౌజు నగరపు వర్తకులు మాత్రము అంతకు ముందే ఆ వాసనను అత్తరుగా దించి సీసాలలో అమ్ముచుండిరి.

పెట్రికార్ అను మాటను పుస్తకమున వ్రాసికొన్న బాలుడు దాని ప్రక్కన తొలకరి అను మాటను గూడ వ్రాయవలెను. ఏలయన, తొలకరి యనగా కేవలము తొలివాన కాదు. నాగలి సవరించుకొను కాలము, విత్తనము వెదకుకొను కాలము, ఎండకు వాడిన ప్రాణము లేచివచ్చు కాలము ఆ ఒక్క మాటలో ఇమిడియున్నవి. దీనికి సరియైన ఇంగ్లీషు మాట యొకటి దొరకదు. పరభాషలోని అందమైన మాటను చూచి మెచ్చుకొన్నవానికి స్వభాషలోని మాట విలువయు అప్పుడే తెలియును. అద్దము పరదేశపుదైనను అందు కనబడునది తన ముఖమే.

గుడివాడనుండి దక్షిణముగా పోయి, పులిగడ్డ దాటినచో దివిసీమ. కృష్ణానది ఇచ్చట పాయలుగా చీలి సముద్రమున కలియును. పాయల నడుమ చిక్కిన నేలకు దివి యని పేరు. స్వర్గమను అర్థము గల సంస్కృతపు దివి వేరు. ఇది ద్వీపమునుండి వచ్చిన దివి, దీవి. చుట్టుపట్ల ఊళ్ళ పేర్లన్నియు నీటిని, మంటిని తలపించును. నాగాయలంకలో లంక యున్నది. నది నడుమ తేలిన మెరకభూమి లంక. పాలకాయతిప్పలో తిప్ప యున్నది. ఇసుక మేటవేసిన ఎత్తు తిప్ప. కృష్ణ సముద్రమును చేరుచోట హంసలదీవి యున్నది. ఈ పేర్లు తెలిసినవాడు పటము చూడకయే ఆ నేల స్వరూపమును చెప్పగలడు.

ఇంగ్లీషు మాటలను సేకరించు వారందరును ముచ్చటపడు మాట సెరెండిపిటీ. ఒకదానిని వెదకుచుండగా అనుకొనని మేలు మరియొకటి దొరకుట దాని అర్థము. 1754లో హోరేస్ వాల్‌పోల్ అను రచయిత తన మిత్రునకు వ్రాసిన లేఖలో ఈ మాటను కల్పించెను. సెరెండిప్ దేశపు ముగ్గురు రాజకుమారుల కథను చదివి ఆయన దీనిని తయారుచేసెను. సెరెండిప్ ఎచ్చటిది? అది సింహళమునకు అరబ్బులు పెట్టిన పేరు. సరందీబ్ అను వారి పలుకుబడి సింహళద్వీపమునుండి పుట్టినది. కావున సెరెండిపిటీ అను మాట నడుమ ద్వీపము దాగియున్నది. ఆ ద్వీపమే దివిసీమలోని దివి! లండనులోని మాటకును, అవనిగడ్డ చెంతనున్న పల్లెకును ఇట్టి చుట్టరికమున్నదని ఎవరు తలంతురు? ఒకదానిని వెదకుచుండగా మరియొకటి దొరకుటయే ఆ మాటకర్థమైనచో, ఈ చుట్టరికము తెలియుటయు అట్టిదే.

సముద్రతీరపు మాటలు అన్నియు వేడుకకొరకే పుట్టినవి కావు. తుఫాను అను మాట అరబ్బీ, పారసీక భాషలనుండి వచ్చినది. ఇంగ్లీషులోని టైఫూన్‌లో ఆ అరబ్బీ మాటయు, గ్రీకు మాటయు, పెనుగాలి యను అర్థము గల చీనా మాటయు కలిసిపోయినవి. సైక్లోన్ అను మాటను కల్పించినవాడు హెన్రీ పిడింగ్టన్. ఆయన ఓడలపై తిరిగి, పిమ్మట కలకత్తాలో స్థిరపడి, బంగాళాఖాతపు తుఫానులను ఏండ్ల తరబడి పరిశీలించెను. గోదావరి ముఖమున నున్న కోరంగిని 1789 డిసెంబరులో పెనుకెరటములు ముంచివేసిన వృత్తాంతమును తన గ్రంథమున వ్రాసెను. తుఫానులో గాలి తిన్నగా వీచక చుట్టలు చుట్టుకొని తిరుగునని నావికులకు తెలియజెప్పుటకై, పాము చుట్టను సూచించు గ్రీకు పదమునుండి సైక్లోన్ అను మాటను తయారుచేసి, 1848లో ప్రకటించిన గ్రంథము ద్వారా ప్రచారము చేసెను. గాలి ఎటు తిరుగునో తెలిసిన నావికుడు ఓడను తప్పించుకొనగలడు. ఒక్క మాట ఒక పాఠమంత పని చేసినది.

తుఫానును, సైక్లోనును తెలిసినంత మాత్రమున తీరవాసికి చాలదు. వానికి ముఖ్యమైన మాట ఉప్పెన. ఉప్పెన అనగా గాలి కాదు, వాన కాదు. గాలివత్తిడికి సముద్రమే లేచి నేలపైకి వచ్చుట. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ముంచిన ఉప్పెన వేలకొలది ప్రాణములను బలిగొన్నది. పల్లెలకు పల్లెలు తుడిచిపెట్టుకొని పోయినవి. అట్టి సమయమున చంపునది గాలికంటె నీరే. "తుఫాను వచ్చుచున్నది" అన్నచో తలుపు బిగించుకొని ఇంట కూర్చుండవచ్చునని తోచును. "ఉప్పెన వచ్చుచున్నది" అన్నచో ఇల్లు విడిచి ఎత్తైన చోటునకు పోవలెను. రెండు మాటల నడుమ నున్న భేదము బ్రతుకునకును చావునకును నడుమ నున్న భేదము. తాతలనుండి వచ్చిన మాటను మనుమడు మరచినచో పోవునది మాట యొక్కటే కాదు. దానితో పాటు తాత నేర్చుకొన్న పాఠమును పోవును.

ఇట్లు మాటలు పోకుండ కాపాడినవారు కొందరు కలరు. చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. 1817లో మద్రాసునకు వచ్చి, కంపెనీ ఉద్యోగిగా కడప, మచిలీపట్టణము, రాజమహేంద్రవరము మొదలగు చోట్ల పనిచేసెను. ఉద్యోగము కొరకు నేర్చుకొన్న తెలుగు ఆయనకు ప్రాణమైనది. పండితులకు జీతములిచ్చి తాళపత్ర గ్రంథములను వ్రాయించెను. వేమన పద్యములను 1829లో ఇంగ్లీషు అనువాదముతో ప్రకటించెను. 1852లో వెలువడిన ఆయన తెలుగు ఇంగ్లీషు నిఘంటువులో కావ్యములలోని మాటలతో పాటు జనుల నోట నున్న మాటలకును చోటు దొరకినది. కచేరీలలో వాడు అన్యదేశ్యములను సైతము ఆయన విడువలేదు. వానికై 1854లో మిశ్రభాషా నిఘంటువును వేరుగా ప్రకటించెను.

ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డు నిఘంటువును కూర్చిన విధము మరియొక వింత. ఏ మాటకైనను అర్థము చెప్పుటతో తృప్తిపడక, అది మొదట ఎప్పుడు, ఏ వాక్యములో వాడబడినదో చూపవలెనని దాని సంపాదకులు సంకల్పించిరి. ఇది ఒక్కరివలన అగు పని కాదు. కావున పుస్తకములు చదువు సామాన్యులందరు తమకు కనబడిన మాటను, అది యున్న వాక్యముతో సహా చిన్న కాగితపు ముక్కపై వ్రాసి పంపవలసినదిగా వేడుకొనిరి. ఉపాధ్యాయులు, గృహిణులు, వైద్యులు, మతాచార్యులు లక్షలకొలది కాగితములను పంపిరి. జేమ్స్ మరే అను సంపాదకుడు 1879నుండి 1915లో మరణించు వరకు వానిని గూళ్ళలో సర్దుచు, సరిచూచుచు జీవితమును గడపెను. మొదటి భాగము 1884లో వెలువడగా, 1928లో గాని గ్రంథము పూర్తికాలేదు. అందు నాలుగు లక్షలకు పైగా మాటలున్నవి. అంత పెద్ద కట్టడమునకు ఇటుకలు ఆ చిన్న కాగితపు ముక్కలే.

తెలుగునేలపైనను ఇట్టి పని జరిగినది. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తిపదకోశమును తలపెట్టినది. వ్యవసాయపు మాటలతో మొదటి సంపుటము 1962లోను, చేనేత మాటలతో రెండవ సంపుటము 1971లోను వెలువడినవి. ఇందుకై పరిశోధకులు గ్రంథాలయములకు గాక పల్లెలకు పోయిరి. నాగలిలోని ఒక్కొక్క భాగమును చూపి, దీనిని మీరేమందురని రైతునడిగి, అతడు పలికినది పలికినట్లు వ్రాసికొనిరి. చదువురాని రైతు ఆ దినమున పండితులకు గురువైనాడు.

ఆ పని ఎంత అవసరమో నేడు స్పష్టముగా తెలియుచున్నది. ఆకుమడి, ఊడ్పు, పన, కుప్ప, కళ్ళము, గాదె, పురి మొదలగు మాటలు ఒకప్పుడు గుడివాడ పొలములలో పసిపిల్లలకు సైతము తెలిసినవే. ఇప్పుడు యంత్రము ఒక్క పూటలో కోతయు నూర్పిడియు ముగించుచున్నది. ధాన్యము పొలమునుండియే లారీ ఎక్కుచున్నది. గడ్డివెంటితో పురి కట్టువాడు లేనప్పుడు పురి అను మాటకు పనిలేదు. యంత్రము వచ్చుట తప్పు కాదు. రైతు నడుము నొప్పి తగ్గినది. కాని మాటను వ్రాసియుంచుటకు యంత్రము అడ్డము రాదు గదా! పని పోయినను మాట నిలిచినచో ఆ పని చేసినవారి తెలివి నిలుచును.

మాటలను సేకరింపదలచిన విద్యార్థి కొన్ని నియమములను పాటింపవలెను. మాటకొక పుట కేటాయించుట మంచిది. మొదట మాటను, దాని పలుకుబడిని వ్రాయవలెను. పిదప అర్థమును తన సొంత మాటలలో వ్రాయవలెను. ఏ పుస్తకములో కనబడినది, లేదా ఎవరి నోట వినబడినది అను సంగతిని, తేదీని గుర్తింపవలెను. మాట యున్న వాక్యమును తప్పక ఎత్తి వ్రాయవలెను. నీరు లేక చేప లేనట్లు వాక్యము లేక మాట లేదు. దాని పుట్టుకను పెద్ద నిఘంటువులో చూడవలెను. కేవలము చెవికి పోలిక తోచినంత మాత్రమున రెండు మాటలకు చుట్టరికము కలుపరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమము ఒకటి కలదు. ఇంగ్లీషు మాటకు ఎడమప్రక్క పుట ఇచ్చినచో, కుడిప్రక్క పుట తెలుగు మాటకు విడువవలెను. టైడ్ అను మాటకు పూర్వము కాలమని అర్థము. సముద్రము కాలమునుబట్టి పొంగి తగ్గుటచే ఆ పేరు నిలిచినది. దానికెదురుగా ఆటుపోటులు అని వ్రాయవలెను. ఆ మాటను గూర్చి పడవవానిని అడిగినచో ఏ తిథికి పోటు ఎక్కువగా నుండునో, ఏ వేళ పడవ దింపవలెనో వివరించును. నిఘంటువులో లేని సంగతి అతని నోట నుండును. కుడిపుటను నింపుటకై విద్యార్థి అవ్వను, తాతను, అద్దకపు పనివానిని, జాలరిని అడుగవలసి వచ్చును. అడిగించుకొన్నవారు సంతోషింతురు, అడిగినవాడు నేర్చుకొనును.

గవ్వ నెంత కాలము దాచినను గవ్వయే. నాణెము నెంత కాలము దాచినను నాణెమే. మాట అట్టిది కాదు. దాచిపెట్టినచో మాసిపోవును, వాడినచో మెరయును. కావున సేకర్త పుస్తకములో వ్రాసికొన్న మాటను నోటికి తెచ్చుకొనవలెను, లేఖలో వ్రాయవలెను, తమ్మునికి చెల్లెలికి కథగా చెప్పవలెను. బందరు రేవున దిగిన మాట అయినను, గుడివాడ మడిలో మొలచిన మాట అయినను, దివిసీమ ఇసుకతిప్పపై నిలిచిన మాట అయినను, అది బ్రతుకుచోటు మనుష్యుని నాలుకయే.